జబ్బు కోడికి మొదటి మందు వేరు గంప

కోడి రెక్కలు వ్రేలవేసి, మేత మాని, ఒక మూల కునుకుచున్నచో కొత్తగా కోళ్ళు పెంచువారికి ముందుగా తోచునది మందు. వెల్లుల్లి మ్రింగించుదురు, పసుపునీళ్ళు పోయుదురు, ఇంటిలో మిగిలిన మనుష్యుల మాత్రలు విరిచి వేయుదురు. ఇంతలో ఆ కోడి తక్కిన కోళ్ళతో ఒకే చిప్పలో నీరు త్రాగుచునే యుండును. మొదట చేయవలసినది దానిని దూరముగా వేరొక గంప క్రింద కమ్మి, మేత, నీరు వేరుగా పెట్టుటయే.

ఇంటి వైద్యము పనికిరాదని కాదు. దాని హద్దు తెలియవలెను. పొడుచుకొనుటచే కలిగిన చిన్న గాయమును కాచి చల్లార్చిన ఉప్పునీటితో కడిగి, ఈగలు వ్రాలకుండ కాపాడవచ్చును. కాళ్ళపై పొలుసులు లేచి గరుకెక్కినచో అది సన్నని పురుగుల పని. గోరువెచ్చని సబ్బునీటిలో కాళ్ళు నానబెట్టి, మెల్లగా రుద్ది, కొబ్బరినూనె పట్టించుచుండిన కొన్ని వారములలో నయమగును. కిరోసిను పూయరాదు, చర్మము పొక్కును.

కాని ఆకుపచ్చని విరేచనములు, నోరు తెరచి రొప్పుట, మెడ మెలితిరుగుట, కాళ్ళు రెక్కలు పడిపోవుట కనబడినచో కొక్కెర తెగులని అనుమానింపవలెను. దీనిని నయముచేయు మందు ఇంటిలోను లేదు, అంగడిలోను లేదు. ముందుగా వేయించిన టీకాయే రక్షణ. పిల్లకు మొదటి వారములో కంటిలోగాని ముక్కులోగాని చుక్క, 6 నుండి 8 వారముల వయస్సున సూది వేయింపవలెను.

"అయిదు కోళ్ళకు టీకా వేయుట కెవరు వత్తురు?" అని రైతులడుగుట న్యాయమే. టీకా సీసా సాధారణముగా 100 కోళ్ళకు తక్కువ కాకుండ వచ్చును. మంచులో తేవలెను. కలిపిన 2 గంటలలో వాడవలెను. కనుక ఇది ఒక ఇంటి పని కాదు, ఊరి పని. గ్రామోద్యోగులు పశువైద్యశాలతో మాట్లాడి ఒక దినము నిర్ణయించి, ముందు రోజు దండోరా వేయించినచో, కోళ్ళు గూళ్ళు విడువక మునుపే ఊరంతటికి టీకాలు పూర్తియగును.

జబ్బు కోడిని వచ్చిన ధరకు సంతలో అమ్ముట తన నష్టమును పది ఊళ్ళకు పంచుటయే. చచ్చినదానిని పెంటపై వేయక, లోతుగా గొయ్యి తీసి సున్నము చల్లి పూడ్చవలెను. ఒక్కసారిగా పెక్కు కోళ్ళు చచ్చినచో చేతితో ముట్టక వెంటనే పశువైద్యునకు తెలుపవలెను. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాలలో బర్డ్ ఫ్లూ బయటపడిన సంగతి మరువరాదు.

పెరటి కోళ్ళపై వచ్చు సొమ్ము పెక్కు ఇండ్లలో ఆడవారి చేతి ఖర్చుకు, పిల్లల పుస్తకములకు ఆధారము. గూడు ఖాళీయైన పిదప మందులు వెదకుటకంటె, ఈ నెలలోనే టీకా దినము నిర్ణయించుకొనుట మేలు.