ఇల్లు కదలినగాని పిల్లలు కదలరు

పిల్లలు ఆడుట లేదని వగచు తలిదండ్రులు, తాము నడచి యెన్నినాళ్లయినదో తలచుకొనుట అరుదు. ఈ జడత్వమునకు కారణమును సెల్‌ఫోనులోనో, చదువుల భారములోనో వెదకుట సులభము. అది కొంతవఱకు సత్యమును గూడ. కాని దేహమును కదలించు అలవాటు ఉపదేశముచేత గాక అనుకరణముచేత పట్టువడునది కావున, ఈ సమస్యను బిడ్డల దోషముగా గాక, ఇంటి దినచర్యకును, ఆ యిల్లున్న వీధికిని సంబంధించిన దానిగా విచారింపవలెను.

5 మొదలు 17 ఏండ్ల వయసు గల పిల్లలకు దినమునకు సగటున 60 నిమిషములైన ఒడలు చెమర్చు శ్రమ అవసరమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ప్రకటించిన మార్గదర్శకములు చెప్పుచున్నవి. 2016 నాటి స్థితిని గుఱించి ఆ సంస్థ పరిశోధకులు 2019లో వెలువరించిన అధ్యయనము ప్రకారము, 11–17 ఏండ్ల వారిలో ప్రపంచమున నూటికి 81 మంది ఈపాటి శ్రమకును నోచుకొనుట లేదు. బాలురలో ఆ సంఖ్య 78, బాలికలలో 85. మన దేశమున నలుగురిలో ఇంచుమించు ముగ్గురి గతి యిదియే.

ఈ లెక్కల వెనుక నున్న స్థలసమస్యను హైదరాబాదులోని కంచన్‌బాగులో కన్నులార చూడవచ్చును. 1960ల నాటి రక్షణ పరిశోధనశాలలును, 1970లో ఏర్పడిన భారత్ డైనమిక్స్, 1973లో ఏర్పడిన మిశ్రధాతు నిగమ్ సంస్థలును నెలకొన్న ఈ ప్రాంతమున, ఉద్యోగుల ఆవాసములలో ప్రహరీగోడల లోపల చెట్లనీడయు, ఆటస్థలములును కలవు. గోడల వెలుపల, హఫీజ్‌బాబానగర్ వంటి బస్తీలలో ఇండ్లు ఒకదాని నొకటి ఒఱసికొనియుండగా, గల్లీయే మైదానము. ఆటోకును, స్కూటరుకును, క్రికెట్టు బంతికిని అదియొకటే త్రోవ. రక్షణ సంస్థల గోడలను తొలగింపుమని ఎవ్వరును కోరరు. కాని గోడ లోపలి బిడ్డకు సహజముగా లభించు సాయంకాలము వెలుపలి బిడ్డకు ఏల దుర్లభము కావలెనని అడుగుట అన్యాయము కాదు.

వ్యాయామము ఈ దిక్కునకు పరాయిది గాదు. నిజాము కొలువులోని అరబ్బు సైనికుల సంతతి నివసించు బార్కస్, కుస్తీకిని, ఫుట్‌బాలుకును ప్రసిద్ధి. 1962 జకార్తా ఆసియా క్రీడలలో భారత ఫుట్‌బాలు జట్టును స్వర్ణపతకమునకు నడపిన సయ్యద్ అబ్దుల్ రహీం హైదరాబాదీయుడే, అందును ఉపాధ్యాయుడే. తాలీములలో పెద్దల కసరత్తు చూచుచు పిన్నలు ఎదిగిరి. అయితే ఆ తాలీము గడప ఆడపిల్లలు దాటినది అరుదు. తల్లియు, కూతురును కలిసి గంటలతరబడి అడుగులు కదపు బతుకమ్మ వారి కొఱకు ఉన్నను, అది యేడాదికి తొమ్మిదినాళ్ల ముచ్చట. ఇంటిల్లిపాది వ్యాయామ మనగా తండ్రియు, కొడుకును మైదానమునకు పోవుట, తల్లియు, కూతురును వంటయింట మిగులుట కారాదు.

చోటు దొరకినచో జనము వత్తురనుటకు నిదర్శనము నగరమున నున్నది. 2021లో ఆదివారపు సాయంకాలములు ట్యాంక్‌బండ్‌పై వాహనముల నాపి, ఆ యేటి అక్టోబరులో చార్మినారు ముంగిట గూడ అట్లే చేయగా, వృద్ధులు మొదలు చంటిబిడ్డల వఱకు కుటుంబములు తరలివచ్చినవి. అంతటి సంరంభము ప్రతి పేటకును అక్కఱలేదు. బడికి ఆటస్థలము ఉండవలెనని 2009 నాటి విద్యాహక్కు చట్టము విధించినది; అట్టి స్థలము గల ప్రభుత్వ పాఠశాలలలో సాయంకాలము రెండు గంటలు, కావలివానిని ఉంచి గేటు తెఱచినచో చాలును. ఆదివారపు ఉదయము ఒక్కొక్క గల్లీని పిల్లలకు విడుచుట అంతకంటె సులభము.

బడిగేటు తెఱచిన నాడు పెద్దల సాకు తొలగును. పెద్దలు లేచి నడచిన నాడు పిల్లల సాకు తొలగును. ఈ క్రమమును తలక్రిందులు చేసి, పిల్లలను మాత్రమే మందలించినందువలన ప్రయోజనము లేదు.