బొమ్మ గీస్తే ప్యాకెట్ కాదు

ఖరగ్‌పూర్ పూరీ గేట్ పరిసరాల్లో గ్రాఫిక్ డిజైన్ నేర్చుకునే తెలుగు పిల్లలకు ప్యాకేజింగ్ పాఠం ఇంట్లోనే దొరుకుతుంది. రైల్వే కొలువుల కోసం వచ్చి స్థిరపడ్డ కుటుంబాల వంటిళ్లలో ఆవకాయ ఉంటుంది. దాన్ని కవర్లో నింపి చూడండి. అతుకు దగ్గర నూనె తగిలితే సీలు సరిగ్గా పడదు. కాబట్టి బొమ్మకన్నా ముందు అతుక్కి చోటు వదలాలి. అట్టపెట్టె అయితే మడత, కోత గీతలు గీసి, కత్తిరించి, మడిచి చూడాలి.

ఆపై చట్టం. తయారీదారు చిరునామా, నికర పరిమాణం, గరిష్ఠ చిల్లర ధర, ఫిర్యాదుకు సంప్రదించాల్సిన వివరాలు 2011 నాటి ప్యాకేజీ సరుకుల నిబంధనల ప్రకారం తప్పనిసరి. శాకాహారమైతే ఆకుపచ్చ చతురస్రంలో ఆకుపచ్చ చుక్క ఉండాలి. ఆహార లేబుల్ వివరాలు ఇంగ్లీషులోనో హిందీలోనో ఉండాలి. అదనంగా తెలుగు, బెంగాలీ చేర్చుకోవచ్చు. ఇన్నిటినీ అరచేతంత జాగాలో చదవగలిగేలా అమర్చడమే అసలు నేర్పు.

1966లో ఏర్పడిన భారత ప్యాకేజింగ్ సంస్థకు కోల్‌కతాలోనూ, హైదరాబాద్‌లోనూ కేంద్రాలున్నాయి. డిజైన్ కళాశాలలు అలాంటి చోట్లకు విద్యార్థులను తీసుకెళ్లాలి. తెరమీద మెరిసే నమూనాకు కాదు, ఊళ్లోని చిన్న తయారీదారు వాడుకోగల ప్యాకెట్‌కు మార్కులు వేయాలి.