సరుకు బండి ఎక్కే కూలీలకు దిక్కెవరు?

తెల్లవారుజామున అలంపూర్ చౌరస్తాలో కాసేపు నిలబడితే మన నడిగడ్డ సేద్యం ఎటు పోతున్నదో తెలుస్తుంది. ట్రాలీ ఆటోలు, అందరూ చోటా హాథీ అని పిలిచే టాటా ఏస్‌లు, వాటికంటే కాస్త పెద్ద పికప్‌లు ఉల్లి సంచులు, మిరప టిక్కీలు, కూరగాయల గంపలు వేసుకుని కర్నూలు దారి పడతాయి. పొద్దెక్కేసరికి అవే బండ్లు మళ్లీ ఊళ్లలోకి వస్తాయి. ఈసారి వాటిలో ఉండేది సరుకు కాదు, సద్దిమూటలు పట్టుకుని ఒకరినొకరు పట్టుకు నిలబడ్డ ఆడకూలీలు. మొదటి దృశ్యం చూస్తే సంతోషం. రెండోది చూస్తే గుండె గుభేలుమంటుంది.

నిజానికి ఈ బండ్లు మనకోసం పుట్టినవి కావు. పట్నాల్లో పగటిపూట పెద్ద లారీలను రానివ్వరు. సందుల్లో తిరిగి దుకాణాలకు సరుకు దించడానికి చిన్నవి కావలసి వచ్చాయి. పియాజియో సంస్థ 1999 నుంచి బారామతిలో ఆపే ఆటోలు తయారు చేస్తున్నది. 2005లో రెండు సిలిండర్ల, 702 సీసీ ఇంజనుతో టాటా ఏస్ వచ్చింది. 2015లో మన జహీరాబాద్‌లోనే మహీంద్రా జీతో మొదలైంది. ఇప్పుడు కరెంటు ఆటోల జోరు. 2023లో దేశంలో దాదాపు 5 లక్షల 80 వేల కరెంటు మూడు చక్రాల బండ్లు అమ్ముడై, ఆ లెక్కలో చైనాను మించిపోయాం. వీటికి 2026 డిసెంబరు 31 దాకా రోడ్డు పన్ను, రిజిస్ట్రేషన్ ఫీజు ఉండవని తెలంగాణ ప్రభుత్వం 2024 నవంబరులో ప్రకటించింది. కారు లైసెన్సుతోనే ఏడున్నర టన్నుల లోపు సరుకు బండి నడపవచ్చని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం కూడా అదే నెలలో ఖాయం చేసింది. ఇక ఊళ్లో కుర్రాళ్లు బండి కొనక ఏం చేస్తారు?

చిన్న రైతుకు దీంతో జరిగిన మేలు చిన్నది కాదు. ఇదివరకు పది బస్తాలున్న రైతు లారీ నిండేదాకా ఆగాలి. ఆ లారీ పంపేది కమీషన్ ఏజెంటు. వాడి లారీలో సరుకు పోయిందంటే వాడి అరుగు మీదే దిగాలి, వాడు చెప్పిందే ధర. ఇప్పుడు కోసిన పూటే ఏడెనిమిది క్వింటాళ్లు ఏసుకుని ఎక్కడ గిట్టితే అక్కడికి పోవచ్చు. 2014 జూన్‌లో తుంగభద్ర రాష్ట్రాల సరిహద్దయ్యాక కర్నూలు పోవడానికి పర్మిట్ గొడవ వస్తుందేమోనని చాలామంది జంకారు. సరుకుతో కలిపి మొత్తం బరువు 3 వేల కిలోలు దాటని గూడ్సు బండికి మోటారు వాహనాల చట్టం 66వ సెక్షన్ ప్రకారం పర్మిట్టే అక్కరలేదు. కొన్ని పికప్‌లు ఈ లెక్క దాటుతాయి, ఆర్.సి. పుస్తకం చూసుకోండి. ఫిట్‌నెస్, బీమా మాత్రం ఏ బండికీ తప్పవు.

అసలు చిక్కు బండ్లు ఎక్కువై, సరుకు తక్కువైన చోట వస్తున్నది. మార్కెట్ కిరాయి పొద్దున రెండు మూడు గంటల పని. పంట లేని నెలల్లో అదీ ఉండదు. ఫైనాన్స్ వాడి వాయిదా మాత్రం నెల తిరిగేసరికి గుమ్మంలో ఉంటుంది. అందుకని బండివాడు కూలీలను తోలుతాడు. రైతుకూ అదే కావాలి. సీడ్ పత్తి చేసేవాళ్లకు ఈ సంగతి చెప్పనక్కరలేదు. సాయంత్రం మొగ్గ గిల్లి, మర్నాడు పొద్దున పుప్పొడి అద్దాలి. ఆ పూట కూలీలు రాకపోతే ఆ పువ్వు పోయినట్టే. ఆ వేళకు ఆ ఊరికి బస్సు రాదు. కాబట్టి ఇరవై మందిని సరుకు ట్రాలీలో నిలబెట్టి తెచ్చుకుంటున్నాం. తప్పని తెలిసే చేస్తున్నాం.

బండి బోల్తా పడితే ఏమవుతుందో ఎంతమందికి తెలుసు? గూడ్సు బండి పాలసీలో బయటి మనుషులకు బీమా ఉండదు. సరుకు వెంట వెళ్లే యజమానికో అతని మనిషికో మాత్రమే చట్టం చోటిచ్చింది. అదీ డ్రైవరు పక్కన క్యాబిన్‌లో కూర్చుంటేనేనని 2007లో అప్పటి ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్లిన కేసుల్లోనే సుప్రీంకోర్టు చెప్పింది. బస్తాల మీద కూర్చున్న రైతుకే దిక్కు లేనప్పుడు కూలీ సంగతేమిటి? కొన్ని కేసుల్లో బీమా కంపెనీని ముందు చెల్లించి, ఆ తర్వాత బండి యజమాని దగ్గర రాబట్టుకోమని కోర్టులు అంటాయి. ఆ యజమాని ఎవరు? అప్పు చేసి బండి కొన్న మన ఊరి కుర్రాడే. అంటే కూలీ ఇల్లు కూలుతుంది, వాడి ఇల్లూ కూలుతుంది. ముగ్గురు ఎక్కాల్సిన ప్యాసింజరు ఆటోలో పన్నెండు మందిని ఎక్కించినా ఇదే గతి. పాలసీలో రాసినంత మంది లెక్కకే కంపెనీ బాధ్యత. లెక్కకు మించి ఎక్కించినందుకు తలకు 200 రూపాయలు జరిమానా అని 2019 సవరణలో పెట్టారు. ఆ డబ్బు కట్టి పోయేవాళ్లే ఎక్కువ, దానికి భయపడేదెవరు?

పోలీసులు బండ్లు ఆపితే చాలదు. ఆపితే కూలీ నాలుగు మైళ్లు నడుస్తుంది, రైతు పువ్వు పోగొట్టుకుంటాడు, మర్నాడు అందరూ దొడ్డిదారి వెతుక్కుంటారు. ఏడెనిమిది మంది కూర్చునే ప్యాసింజరు చిన్న బండ్లు మార్కెట్లో ఉన్నాయి. కొనాలనుకునే కుర్రాడు సరుకు బండి కాకుండా అదెందుకు కొనకూడదు? కూలీల మోతే అతనికి ఏడాది పొడుగునా దొరికే కిరాయి గదా. ఒక్కో ఊరికి అలాంటివి రెండుంటే, నలుగురు రైతులు కలిసి సీజనంతా మాట్లాడుకోవచ్చు. రెండు ట్రిప్పులవుతాయి, కిరాయి పెరుగుతుంది, కాదనను. ఆ పెరిగింది రైతు ఒక్కడే ఎందుకు మొయ్యాలి? సీడ్ పత్తిలో విత్తనం కంపెనీది, లాభంలో పెద్ద వాటా కంపెనీది, మధ్యలో ఆర్గనైజరుకూ కొంత. మందుల ఖర్చు, కూలి ఖర్చు లెక్కగట్టేవాళ్లకు కూలీల రవాణా ఖర్చు కనిపించదా? స్వయం సహాయక సంఘాల అప్పులు ఇచ్చేటప్పుడు బ్యాంకులు ఇలాంటి బండికి ముందు వరస ఇస్తే ఇంకా మంచిది.

ఆగస్టు నాటికి క్రాసింగ్ పనులు ముమ్మరమవుతాయి. కంపెనీ కాగితాల మీద రైతులు సంతకాలు పెట్టేది అంతకు చాలా ముందు. కూలీల బండి కిరాయి ఎవరిదో అప్పుడే అడిగి, ఆ కాగితంలోనే రాయించుకోండి.