మనోవైద్యు డెక్కడ?

2025 జూలై 25వ తేదీన సుప్రీముకోర్టు న్యాయమూర్తులు వెలువరించిన తీర్పొకటి మన రాష్ట్రములవారు ప్రత్యేకముగా గమనింపదగినది. విశాఖపట్టణమున చదువుచుండిన యొక విద్యార్థిని మరణమునుండి పుట్టిన వ్యాజ్యమది. ఆ యొక్క సంగతితో నూరకొనక, న్యాయమూర్తులు దేశములోని విద్యాలయము లన్నిటికిని వర్తించు నియమములు పదునైదింటిని నిర్దేశించిరి. నూర్గురు గాని అంతకు మించి గాని విద్యార్థులున్న ప్రతి సంస్థయు, బాలుర మనస్సుల నెరిగి ఓదార్చుటలో శిక్షణ పొందిన సలహాదారు నొక్కరినైనను నియమించుకొనవలెను. అంతకంటె చిన్న సంస్థలు వెలుపలి మనోవైద్యులతో సంబంధ మేర్పరచుకొనవలెను. మనస్సుయొక్క ఆరోగ్యము జీవించు హక్కులో నంతర్భాగమనియు వారు స్పష్టపరచిరి.

తీర్పు శ్లాఘనీయము. కాని ఆజ్ఞ యిచ్చుట సులభము, మనుష్యులను సంపాదించుట దుర్లభము. ఈ సలహాదారులు ఎక్కడనుండి రావలెను? కళాశాలకే దొరకని మనుష్యుడు ఊరిలోని కాపునకు, వీథిలోని వర్తకునకు, అత్తవారింట కుమిలిపోవు కోడలికి ఎట్లు దొరకును? నిద్ర పట్టదని, బ్రతుకుమీద రోత పుట్టినదని, ఆలుమగలకు మాట పొసగుట లేదని యొక యింటివారు తలచినప్పుడు, తమ యూరికి చేరువలో ఎవరియొద్దకు పోవలెను? ఈ ప్రశ్నకు సమాధానము లేకుండుటయే నేటి దుస్థితికి మూలమని మా యభిప్రాయము.

లెక్కలను చూతము. 2015-16 సంవత్సరములలో బెంగుళూరులోని నిమ్హాన్సు సంస్థ 12 రాష్ట్రములలో జరిపిన జాతీయ పరిశీలనమున, వయోజనులలో నూటికి పదుగురికి పైగా ఏదో యొక మనోవ్యాధితో బాధపడుచున్నట్లు తేలెను. దిగులు, భయము మొదలగు సామాన్య వ్యాధులు గలవారిలో నూటికి 85గురికి చికిత్సయే లేదు. ఆ 12 రాష్ట్రములలో ఆంధ్రప్రదేశముగాని తెలంగాణముగాని లేదు. అనగా ఇతరుల లెక్కనుబట్టి మన యవస్థను ఊహించుకొనవలసినవార మైతిమి. 2019లో ప్రకటితమైన యొక గణన ననుసరించి, దేశమున లక్షమంది జనులకు మనోవైద్యులు ముక్కాలు మనిషి మాత్రమే. ముగ్గురైన నుండవలెనని యా గణన చేసినవారి మతము. ఆ కొలదిమందియు పట్టణములలోనే కాపురముందురు. హైదరాబాదులోని ఎర్రగడ్డ ఆసుపత్రియు, విశాఖపట్టణములోని మానసిక వైద్యశాలయు అందరెరిగినవే. కాని వాని పేరు చెప్పినంతనే మనవారికి తోచునది చికిత్స కాదు, సిగ్గు.

ఈ సిగ్గుకు కారణము దూరమే యని మేము చెప్పుదుము. జ్వరము వచ్చినవాడు ఊరి వైద్యునియొద్దకు నడిచిపోయి, మందు పుచ్చుకొని, తిరిగివచ్చి పొలము పనిలో పడును. దానిని ఎవరును వింతగా చూడరు. మనస్సు చెదరినవానిని మాత్రము ఇంట దాచి, సోదె చెప్పించి, తాయెత్తులు కట్టించి, సంవత్సరములు గడిచిన పిమ్మట, ఇక వల్లకాదను నాడు దూరపట్టణమునకు బండి కట్టుదురు. అప్పటికి వ్యాధి ముదురును. ముదిరినవారినే చూచిన జనులు ఇది నయము కాని రోగమని నిశ్చయించుకొందురు. దూరము ఆలస్యమును, ఆలస్యము అపనమ్మకమును, అపనమ్మకము సిగ్గును పెంచుచున్నవి. ఈ వలయమున చిక్కినవారి గతి యెంత ఘోరము కాగలదో 2001 ఆగస్టు 6వ తేదీన దేశము చూచినది. తమిళనాటి రామనాథపురము జిల్లా ఏర్వాడిలో మనోరోగుల నుంచిన పాకకు నిప్పంటుకొనగా, గొలుసులతో కట్టబడియుండుటచేత పారిపోలేక 28గురు దగ్ధులైరి. వారిని అచ్చటికి చేర్చినవారు శత్రువులు కారు. వేరు దారి తెలియని సొంత బంధువులే.

చేరువలో చికిత్స సాధ్యము కాదనువారికి ప్రత్యుత్తరము మన పొరుగుననే యున్నది. తెలుగు మాటాడువా రనేకులు గల బళ్లారి జిల్లాలో నిమ్హాన్సువారు 1980 తరువాతి సంవత్సరములలో నొక ప్రయోగము గావించిరి. ప్రాథమికారోగ్య కేంద్రములలోని సామాన్య వైద్యులకును కార్యకర్తలకును స్వల్పకాల శిక్షణ నిచ్చి, వారిచేతనే పల్లెలలో మనోవ్యాధులను గుర్తింపజేసి మందు లిప్పించిరి. ఆ మార్గమునే యాధారము చేసికొని 1996లో జిల్లా మానసికారోగ్య పథకము దేశమున నాలుగు జిల్లాలలో మొదలయ్యెను. వానిలో మన మెదకు ఒకటి. నేడా పథకము ఏడువందలకు పైగా జిల్లాలకు మంజూరైనది. మంజూరగుట వేరు, మనుష్యు డుండుట వేరు. మీ జిల్లా ఆసుపత్రిలో మనోవైద్యుడు వారమున కెన్నిదినములు కూర్చుండునో, మాటలతో చికిత్స చేయువారు అసలున్నారో లేదో, చదువరులారా, మీరెన్నడైన విచారించితిరా?

ఇక్కడ మరియొక సంగతి కలదు. తక్కిన వైద్యములకు భాష కొంత తక్కువైనను సరిపోవును; విరిగిన యెముక ఏ భాషనైనను ఒకటియే. మనోవైద్యమునకు మాటయే నాడి, మాటయే మందు. మన యాడవారు ‘బెంగ పెట్టుకొన్నాను’ అందురు; ‘గుండెలో గుబులు’ అందురు; ‘మనసు మనసులో లేదు’ అందురు; మనస్సులోని బాధను ‘ఒళ్ళంతా మంటలు’ అని దేహముమీద పెట్టి చెప్పుదురు. ఈ మాటల బరువెరుగని వైద్యుడు మంటలకు మందు వ్రాయునే కాని బెంగను కనుగొనజాలడు. ఇంగ్లీషున చదివి ఇంగ్లీషుననే ఆలోచించు సలహాదారునియెదుట మన పల్లె రైతు తన యప్పును, తన యవమానమును, తన యింటి గుట్టును విప్పి చెప్పగలడా? వంగదేశమున గిరీంద్రశేఖర బోసుగారు 1922లో కలకత్తాలో మనోవిశ్లేషణ సంఘమును స్థాపించి, ఆ శాస్త్రమును వంగభాషలోను వ్రాసిరి. శతాబ్దము గడిచినను, మనోవైద్యమును తెలుగున బోధించి, తెలుగున సాధన చేయించు ప్రయత్నము మన విశ్వవిద్యాలయములలో బలపడవలసియే యున్నది. స్వభాషాభిమానము సభలలో పద్యములు చదువుటతో తీరునది కాదు. దుఃఖించువాడు తన భాషలో దుఃఖించుటకు చోటు కల్పించినప్పుడే అది సార్థకము.

ఇక ఎవరిని నమ్మవలెనను ప్రశ్న. బల్లలు పెక్కు కనబడుచున్నవి. వానిలోని భేదము తెలిసికొనుట యవసరము. మనోవైద్యుడు, అనగా సైకియాట్రిస్టు, సామాన్య వైద్యవిద్య ముగించి పిమ్మట మనోరోగములలో ప్రత్యేక పట్టము పొందినవాడు. అతని పేరు వైద్యమండలిలో నమోదై యుండును. మందులు వ్రాయు నధికార మతనికి గలదు. క్లినికల్ సైకాలజిస్టు మందులు వ్రాయడు. పరీక్షలు జరిపి మాటలతో చికిత్స చేయును. అతడు 1992 నాటి చట్టము ననుసరించి రిహాబిలిటేషను కౌన్సిలులో నమోదై యుండవలెను. కౌన్సెలరను పేరు మాత్రము చిరకాలము కట్టుబాటు లేక యుండెను. 2021లో వచ్చిన ఆరోగ్య వృత్తుల చట్టము వీరిని గూడ నొక క్రమములోనికి తెచ్చుటకు దారి చూపినది. కాని కొన్ని దినముల తరగతికి పోయివచ్చి బల్ల కట్టినవారును, యేండ్లు కష్టపడి నేర్చినవారును సామాన్యుని కంటికి నేటికిని ఒక్కటిగానే కనబడుదురు.

కావున మొదటి దినముననే మొగమాటము లేక అడుగవలసినవి కొన్ని గలవు. మీరేమి చదివితిరి? ఎక్కడ నమోదైతిరి? మేము చెప్పినది బయట పొక్కదుగదా? ఎన్నిమారులు రావలసియుండును, రుసుమెంత? మందు అవసరమని తోచినచో ఎవరియొద్దకు పంపుదురు? మంచివాడు ఈ ప్రశ్నలకు కోపింపడు. ఒక్క దినముననే నయము చేసెదనని పణమొడ్డువానిని, వైద్యుడిచ్చిన మందులను తటాలున మానుమనువానిని, వచ్చినవారి మాట వినుటకు మారు తన మతమునో నీతినో బోధించువానిని విడిచిపెట్టుట మేలు. రెండు మూడు మారులు పోయినను మనస్సు కలియనిచో మరియొకరిని వెదకుట తప్పు కాదు.

ఆలుమగల తగవులు, అత్తకోడండ్ర పోరు, అన్నదమ్ముల పంపకములు వైద్యముక్రిందికి రావని కొందరందురు. జాతీయ నేరగణన సంస్థవారి లెక్కలలో 2022వ సంవత్సరమున దేశమున 1,70,924 మంది ప్రాణములు తీసికొనిరి. నమోదైన కారణములలో కుటుంబ సమస్యలు నూటికి 31.7, వివాహ సంబంధమైనవి 4.8, వ్యాధులు 18.4. అనగా రోగముకంటె ఇల్లే ఎక్కువమందిని మ్రింగినట్లు పోలీసువారి పుస్తకములే చెప్పుచున్నవి. పూర్వ మిట్టి తగవులను పెద్దమనుష్యులు తీర్చెడివారు. వారియందు మాకు గౌరవము కలదు. కాని పంచాయతి తప్పెవరిదని తేల్చుటకు కూర్చుండును. తప్పు నిర్ణయమైనంత మాత్రమున మనస్సులు కలియవు. రచ్చబండయొద్ద చెప్పిన సంగతి ప్రొద్దుగూకులోపల ఊరంతయు పాకును. శిక్షితుడైన సలహాదారు ఇద్దరిని వేరువేరుగను, పిమ్మట కలిపియు విని, తీర్పు చెప్పక, ఒకరి మాట యొకరికి వినబడునట్లు చేయును. 1984 నాటి కుటుంబ న్యాయస్థానముల చట్టము సలహాదారుల సాయమునకు చోటిచ్చినది. కాని ఆ సాయము వ్యాజ్య మెక్కిన పిమ్మట లభించునది. కొంప కాలక ముందే నీళ్ళు కావలెను. ఒక్క హెచ్చరిక: కొట్టుట, తిట్టుట, కట్నమునకై హింసించుట జరుగుచున్న యింట ‘సర్దుకొనుము’ అనుట సలహా కాదు. అక్కడ ముందు స్త్రీకి రక్షణ కావలెను. 2005 నాటి గృహహింస చట్టము అందుకొరకే పుట్టినది. ఆమె 181 సంఖ్యకు ఫోను చేసి సాయము కోరవచ్చును.

చట్టమునకు కొరత లేదు. 1912 నాటి ఉన్మత్తుల చట్టమునుండి 1987 నాటి చట్టముమీదుగా 2017 నాటి మానసికారోగ్య రక్షణ చట్టమునకు వచ్చితిమి. మనోవైద్యము ప్రభుత్వమునుండి పొందుట ప్రతివాని హక్కని అది చెప్పుచున్నది. జిల్లాలో కనీస సేవలు ప్రభుత్వమువారియొద్ద లభింపనిచో, ఆ జిల్లాలోని యితర వైద్యశాలలో చికిత్స పొందవచ్చుననియు, ఆ వ్యయము ప్రభుత్వమే భరింపవలెననియు శాసించుచున్నది. రోగి రహస్యమును కాపాడవలెననుచున్నది. ఆత్మహత్యకు యత్నించి బ్రతికినవానిని దోషిగా గాక తీవ్రమైన వేదనలో నున్నవానిగా భావింపవలెననుచున్నది. మనోవైద్య వృత్తిలో నున్నవారిని నమోదు చేసి వారి పట్టికను ప్రకటించు బాధ్యతను రాష్ట్రాధికార సంస్థలపై నుంచినది.

ఆ పట్టికయే మేమిప్పుడు కోరునది. అది రాజధానిలోని కార్యాలయమున నుండిన చాలదు. జిల్లాలవారీగా విభజించి, తెలుగున అచ్చువేయించి, ప్రతి ఆసుపత్రి వాకిటను, మండల కార్యాలయమునను, పురపాలక సంఘ భవనమునను, కళాశాలలోను అంటింపవలెను. ఎవరెక్కడ, ఏ దినమున, ఏ భాషలో మాటాడుదురు, రుసుమెంత యను నాలుగు సంగతు లందుండవలెను. దీనికి కావలసినది ధనము కాదు, శ్రద్ధ. అంతవరకు 14416 అను సంఖ్య యొకటి గలదు. 2022 అక్టోబరు 10న ప్రారంభమైన టెలిమానసు పథకమది. రేయింబవళ్ళు, రుసుము లేకుండ, తెలుగుననే మాటాడవచ్చును; చేరువలోని వైద్యశాల యేదియో విచారింపవచ్చును. చచ్చిపోవుదునని యెవరైన నన్నచో ఉత్తమాట యని త్రోసివేయక, వారి నొంటిగా విడువక, వెంటనే ఆసుపత్రికి చేర్చుట ధర్మము.

భూవసతి గలవారికిని పట్టణములలోని పెద్దలకును మా మనవి యొకటి. దేవాలయమునకు గోపురము కట్టించినవారు మీరు, బడికి స్థలమిచ్చినవారు మీరు. వారమున కొక్కదినము మనోవైద్యుని మీ యూరికి రప్పించి, కూర్చుండుటకు గది యిచ్చుట మీకు భారము కాదు. అంతకంటె ముఖ్యముగా, మీ యింటిలోనే యొకరికి మనస్సు బాగుండనప్పుడు దాచక చికిత్స చేయింపుడు. పెద్ద యింటివారు పగటివేళ నడిచిపోయిన దారిని పేదవాడు ధైర్యముతో నడుచును. దేహమునకు జబ్బు వచ్చుట నేరము కానట్లే మనస్సునకు వచ్చుటయు నేరము కాదని మాటలతో గాక నడవడితో చూపుడు. అప్పుడు గాని న్యాయమూర్తుల తీర్పు కాగితమునుండి లేచి మన గడపలలోనికి రాదు.