పండుగకు పాటగాళ్లను పిలుద్దాం

పట్నం పోయి వచ్చినవాళ్లు చెప్పే కబుర్లలో మూడు పాళ్లు కోతలు, ఒక పాలు నిజం అని మన ఊళ్లలో ఒక నమ్మకం. అందుకే, అమీర్‌పేట హాస్టల్లో ఉండి కంప్యూటర్ కోర్సు నేర్చుకుంటున్న మా మేనల్లుడు ఫోనులో "మామా, పాట వినుడు వేరు, ఎదురుంగ నిలబడి చూసుడు వేరు" అన్నప్పుడు నవ్వి ఊరుకున్నాను. పాటను చూడడమేమిటి? రేడియోలో విన్నాం. టేపు రికార్డరులో విన్నాం. ఇప్పుడు సెల్ ఫోనులో ఏ పాట అడిగితే ఆ పాట వస్తున్నది. ఇంకా చూడడానికి ఏముంది అనుకున్నాను.

2024 సెప్టెంబరులో, వినాయక నవరాత్రుల నడుమ వచ్చిన ఒక ఆదివారం నాడు ఆ నవ్వు తప్పని తెలిసివచ్చింది. ఆ సంగతి చెప్పి, దాన్నిబట్టి మన ఊళ్ల పండుగల విషయంలో పెద్దలకు, యువకులకు ఒక మాట మనవి చేయాలని ఈ నాలుగు ముక్కలు రాస్తున్నాను.

హాస్టళ్ల సందులో కచేరీ

మన నల్గొండ జిల్లావాళ్లకు ఇప్పుడు అమీర్‌పేట దూరం కాదు. ఎల్.బి.నగర్ దాకా బస్సు, అక్కడినుంచి మెట్రో రైలు. 2018 సెప్టెంబరులో ఆ దారి తెరిచారు. ఖైరతాబాద్ దాటి, పంజాగుట్ట దాటితే వచ్చేదే అమీర్‌పేట. కిందికి దిగి మైత్రీవనం వైపు నడిస్తే తల ఎత్తిన చోటల్లా కోచింగు సెంటర్ల బోర్డులే. సందు సందుకూ హాస్టళ్లు, టిఫిన్ బండ్లు. ఆ సందుల్లో వినిపించే మాట చాలావరకు పట్నం మాట కాదు. శ్రీకాకుళం యాస ఒక పక్క, కర్నూలు యాస ఒక పక్క, మన యాస ఒక పక్క. పొలం కుదువబెట్టి పంపిన తండ్రుల పిల్లలే అక్కడ ఎక్కువ.

ఆ పిల్లలే చందాలు వేసుకుని ఒక సందు మొగదల వినాయకుణ్ణి నిలబెట్టారు. పందిరి పక్కన బల్లలు పరిచి వేదిక కట్టారు. దాని మీద డ్రమ్ములు, రెండు కరెంటు గిటార్లు, ఒక కీబోర్డు. పాడేవాళ్లు ముగ్గురు, అందులో ఒక ఆడపిల్ల. రాక్ సంగీతం అంటే ఏమో అనుకున్నాను. వాయిద్యాలు ఇవే. పాటలు మాత్రం మనకు తెలిసినవే, బాలసుబ్రహ్మణ్యం పాడినవి, ఇళయరాజా కట్టినవి. వాటినే ఈ పిల్లలు తమ పద్ధతిలో, కొంచెం జోరు పెంచి వాయించారు.

డ్రమ్ముల పిల్లవాడు కాలితో తొక్కే పెద్ద డ్రమ్ము మీద మొదటి దెబ్బ వేయగానే అది చెవికన్నా ముందు రొమ్ముకు తగిలింది. అప్పుడు గాని మేనల్లుడు 'చూడడం' అని ఎందుకన్నాడో బోధపడలేదు. పల్లవి అయి చరణం అందుకునే ముందు గిటారు పిల్లవాడు డ్రమ్ముల పిల్లవాడి వంక చూస్తాడు. కనుసైగ ఒక్కటే. ఆ సైగతో ఇద్దరూ ఒక్కసారి తిరుగుతారు. పై స్థాయికి పోయేటప్పుడు పాడే పిల్ల మడమలు నేలనుంచి లేస్తాయి, మెడ నరం కనిపిస్తుంది. అందుతుందా, అందదా అని చూసేవాళ్లందరూ ఊపిరి బిగబట్టి ఉంటారు. అందినప్పుడు అందరూ ఒక్కసారే కేక పెడతారు. ఎవరో తమ బిడ్డ పరీక్ష పాసైనట్టు!

ఇంతలో కరెంటు పోయింది

నాలుగో పాటో అయిదో పాటో నడుస్తుండగా కరెంటు పోయింది. మైకు ఆగింది, గిటార్లు మూగపోయాయి, కీబోర్డు చచ్చింది. చీకటి. ఇక ఇంటికి పోవుడే అనుకున్నాను.

డ్రమ్ముల పిల్లవాడు ఆపలేదు. అతని కర్రలకు కరెంటుతో పని లేదు కదా! తాళం అట్లాగే నడుస్తున్నది. ముందు వరసలో ఎవరో పాట అందుకున్నారు. వెనక వరస అందుకుంది. మేడల మీద నిలబడినవాళ్లు అందుకున్నారు. సెల్ ఫోను లైట్లు ఒక్కొక్కటే వెలిగాయి. జనరేటరు వేసి మైకు పలికేదాకా ఆ సందులో వందలమంది ఒకే పాట, ఒకే తాళానికి పాడారు. నాకు పాడడం రాదు. అయినా పాడాను. గిటార్లు మళ్లీ కలిసినప్పుడు ఒళ్లు జలదరించింది. అరవై దాటిన మనిషిని, కళ్లు తుడుచుకున్నానని చెప్పడానికి సిగ్గేమీ లేదు.

"ఇప్పుడు సమజైందా మామా?" అన్నాడు మేనల్లుడు.

సమజైంది. రికార్డు పాట ముందే పూర్తయిపోయిన పాట. మనం విన్నా వినకపోయినా దానికి ఒకటే. ఎదురుగా పాడే పాట మాత్రం అప్పుడే పుడుతున్నది. అది తప్పిపోవచ్చు, ఆగిపోవచ్చు, ఎన్నడూ లేనంత ఎత్తుకు లేవవచ్చు. అందులో పాడేవాళ్లతో పాటు వినేవాళ్లకూ వంతు ఉంది. ఆ పులకింత అక్కడినుంచి వస్తున్నది.

కచేరీ అయ్యాక డ్రమ్ముల పిల్లవాణ్ణి పలకరించాను. ఖమ్మం వైపు పల్లెటూరు. ఈ విద్య ఎక్కడ నేర్చుకున్నావు బాబూ అని అడిగితే, "మా ఊరి చర్చిల సార్. క్రిస్మస్‌కు ఆడ వాయిస్త, వినాయకునికి ఈడ వాయిస్త" అన్నాడు.

ఇది మనకు కొత్త కాదు

ఇదంతా పట్నం మోజు అని కొట్టివేసేవారుంటారు. వారు ఒక్కసారి వెనక్కు చూడాలి. రాత్రి అన్నాలు తిని, గొంగళ్లు కప్పుకుని, తెల్లవారేదాకా ఒగ్గు కథ విన్నది మనం కాదా? బుర్రకథలో కథకుడి కాలి గజ్జె ఘల్లుమంటే పిల్లలు నిద్ర లేచి కూర్చోలేదా? గొల్ల సుద్దులను ప్రజల కష్టాలు చెప్పే కథగా మలచిన సుద్దాల హనుమంతు ఉమ్మడి నల్గొండ జిల్లావారే. ఆయన పాట 'మా భూమి' సినిమాకు ఎక్కకముందే ఊళ్లలో వేలమంది ఎదుట నిలబడి గెలిచిన పాట. గోచీ కట్టి గొంగడి వేసుకుని గద్దర్ ఆడి పాడుతుంటే మైదానాలు నిండిపోయేవి. 2023 ఆగస్టు 6న ఆయన కన్నుమూసింది అదే అమీర్‌పేటలోని ఆసుపత్రిలో.

బాలసుబ్రహ్మణ్యం తండ్రి సాంబమూర్తి హరికథలు చెప్పినవారు. 1964లో మద్రాసులో జరిగిన పాటల పోటీలో వేదిక మీద పాడుతుండగా విన్న కోదండపాణి ఆయనను సినిమాకు తెచ్చారు. ఇళయరాజా చిన్నతనంలో అన్న వరదరాజన్ బృందంతో ఊరూరా తిరిగి హార్మోనియం వాయించినవారు. సినిమాలకు రాకముందు బాలు నడిపిన బృందంలోనూ పనిచేశారు. వీరిద్దరూ పల్లెలనుంచి, చిన్న ఊళ్లనుంచి వచ్చి జనం ముందు తప్పులు దిద్దుకుంటూ ఎదిగినవారే.

విదేశాల్లోనూ ఇంతే. రాక్ కచేరీలలో పేరెన్నికగన్న ఉడ్‌స్టాక్ ఉత్సవం 1969 ఆగస్టు 15న న్యూయార్కు రాష్ట్రంలో ఒక పాడి రైతు పొలంలో మొదలైంది. ఆ రైతు పేరు మాక్స్ యాస్గర్. వాన పడి బురద అయినా నాలుగు లక్షల పైచిలుకు జనం కదలలేదు. 2025 ఫిబ్రవరి 2న ఇంగ్లండు గాయకుడు ఎడ్ షీరన్ రామోజీ ఫిల్మ్ సిటీలో పాడాడు. మనం పట్నం పోయే దారిలోనే కదా అది! అతని ప్రతి పాటా ఫోనులో దొరుకుతుంది. అయినా వేలమంది టిక్కెట్టు కొని పోయారు.

మరి మన పండుగల సంగతేమిటి?

మన ఊళ్లో వినాయకుడు వచ్చినా, బతుకమ్మ వచ్చినా, పెళ్లి ఊరేగింపు వచ్చినా ఇప్పుడు ఒకటే ఏర్పాటు: డీజే. ట్రాక్టరు మీద మనిషెత్తు పెట్టెలు, వాటి వెనక ఒక కుర్రవాడు, అతని చేతిలో పెన్ డ్రైవు. పాడేవాడు లేడు, వాయించేవాడు లేడు. కిటికీ అద్దాలు అదురుతాయి. గొడ్లు బెదిరి తాళ్లు తెంపుకుంటాయి. గుండె జబ్బు ఉన్న ముసలివాళ్లను ఆ రాత్రికి పక్క ఊరికి పంపవలసి వస్తున్నది. బతుకమ్మ చుట్టూ ఆడవాళ్లు చప్పట్లు కొడుతూ పాడిన పాట కూడా ఆ పెట్టెలోనుంచే రావడం అన్నిటికన్నా బాధ.

రొమ్ముకు తగిలే దెబ్బ అందులోనూ ఉన్నది కదా అని అడగవచ్చు. ఉన్నది. అమీర్‌పేట సందులో కరెంటు పోయినప్పుడు జనం పాట అందుకున్నారు. మా ఊళ్లో డీజే నడుమ కరెంటు పోయినప్పుడు జనం ఈలలు వేసి, తిట్టి, ఇళ్లకు పోయారు. తేడా అంతా ఇందులోనే ఉంది.

నష్టపోయినవాళ్లు ఇంకా ఉన్నారు. మా ఊళ్లో డప్పు వాయించే నాలుగు కుటుంబాలు ఉండేవి. వాళ్ల పిల్లలు ఇప్పుడు పట్నంలో కూలి పనులు చేసుకుంటున్నారు. డప్పులు చూరుకు వేలాడుతున్నాయి. ఒక నిజం దాచకూడదు. ఆ డప్పును ఒకప్పుడు మనం వెట్టిగా కొట్టించుకున్నాం. వాయించినవాణ్ణి దూరంగా నిలబెట్టాం. ఆ రోజులు తిరిగి రావాలని నేను అనడం లేదు. పిలిచేదేదో కూలి ముందే మాట్లాడి, కుర్చీ వేసి, వేదిక ఎక్కించి, కళాకారుడిగా పిలవాలి.

చట్టం కూడా ఊరుకోదు

2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం రాత్రి 10 గంటలనుంచి ఉదయం 6 గంటల వరకు బయట మైకులు వాడకూడదు. పండుగల కోసం ప్రభుత్వం సంవత్సరంలో 15 రోజులకు మించకుండా, అర్ధరాత్రి వరకు సడలింపు ఇవ్వవచ్చు. ఇళ్లున్న చోట పగలు 55 డెసిబెల్స్, రాత్రి 45 డెసిబెల్స్ హద్దు. ఆసుపత్రుల చుట్టూ కనీసం 100 మీటర్ల మేర నిశ్శబ్ద ప్రాంతం. పంజాగుట్టలో నిమ్స్ ఆసుపత్రి దగ్గర ఎంత పండుగైనా ఈ నియమం నియమమే. 2024 అక్టోబరు 1న హైదరాబాదు పోలీసులు మతపరమైన ఊరేగింపుల్లో డీజేలను నిషేధించారు. నేను చూసిన కచేరీ కూడా సరిగ్గా పదికి ఆగింది. ఆపమని ఎవరూ కర్ర పట్టుకుని రానక్కరలేకపోయింది.

ఖర్చు మాట

పాటగాళ్లను పిలిస్తే ఖర్చెక్కువ అంటారు. పేరున్న బృందమైతే నిజమే. కాని డీజేకు ఇచ్చే అద్దె, ట్రాక్టరు, డీజిలు, ఆ రాత్రి తాగుడు లెక్క వేసి చూడండి. అదే సొమ్ముతో జిల్లాలోని ఒక చిన్న బృందాన్ని ఒక రాత్రికి పిలవవచ్చో లేదో కమిటీవాళ్లు ఒకసారి బేరమాడి చూడాలి. డీజే డబ్బు పెట్టెల యజమానికి పోతుంది. ఇది పది కుటుంబాలకు పంచబడుతుంది.

జనం గుమిగూడితే ప్రమాదం అన్న భయం మాత్రం సబబైనదే. 2023 నవంబరు 25న కేరళలో కొచ్చి విశ్వవిద్యాలయంలో కచేరీ దగ్గర, వాన రావడంతో జనం ఒక్కసారిగా లోపలికి తోసుకుపోగా తొక్కిసలాటలో నలుగురు చనిపోయారు. కాబట్టి లోపలికి, బయటికి వేరు వేరు దారులుండాలి. కరెంటు తీగలు కాళ్లకు అడ్డం పడకూడదు. పిల్లలను పెట్టెల ముందు కూర్చోబెట్టకూడదు. తాగి వచ్చినవాళ్లను మొదటే ఇంటికి పంపాలి. పోలీసు అనుమతి ముందుగా తీసుకోవాలి.

గ్రామ పెద్దలకు, ఉత్సవ కమిటీలకు, యువజన సంఘాలకు నా మనవి ఇంతే. తొమ్మిది రాత్రులూ వద్దు. ఒక్క రాత్రి, డీజేకు సెలవిచ్చి పాటగాళ్లను పిలవండి. గిటార్లు వాయించే కాలేజీ పిల్లలైనా సరే, ఒగ్గు కథవాళ్లయినా సరే, మన ఊరి డప్పులైనా సరే. వీలైతే ముగ్గురినీ ఒకే వేదిక ఎక్కించండి. డప్పుకూ డ్రమ్ముకూ తాళం కుదరదని ఎవరన్నారు?

చూరుకు వేలాడే డప్పును దించి, మంట కాచి, ఒక్క దెబ్బ వేసి చూడండి. ఇళ్లలోనుంచి ఎంతమంది బయటికి వస్తారో మీకే తెలుస్తుంది.