అమ్మమ్మ పాటకి ఏ మైకు?

అమ్మమ్మకి ఎనభై మూడేళ్లు. మేలుకొలుపులు, లాలిపాటలు, బంతులాట పాటలు, అప్పగింతల పాటలు, మంగళహారతులు... అన్నీ నోటికే వచ్చు. ఒక్కటీ కాగితం మీద లేదు. సంక్రాంతికి ఊరెళ్లిన మనవడికి ఆ సంగతి తట్టింది. హైదరాబాద్ వెళ్లగానే ‘స్టూడియో మైకు’ అని పెట్టె మీద రాసి ఉన్నదాన్ని చవగ్గా తెప్పించాడు. ఉగాదికి మళ్లీ వెళ్లి లాప్‌టాప్‌కి తగిలించి పాడించాడు. తీరా వింటే పాట వెనకాల ఒకటే ‘స్‌స్‌స్‌’.

‘వానేమన్నా పడుతోందేంట్రా?’ అంది అమ్మమ్మ.

‘వాన కాదు అమ్మమ్మా, మైకే అంత!’

ఆ తర్వాత ఆర్నెల్లు ‘మంచి మైకు’ కోసం వెతుకులాట. ఒకరు ఇది కొనమంటే ఇంకొకరు అది వద్దన్నారు. దసరాకి వెళ్లేసరికి అమ్మమ్మకి అప్పగింతల పాటలో రెండో చరణం గుర్తు రాలేదు. ఎంత ఆలోచించినా రాలేదు.

ఇలాంటి అమ్మమ్మలు చాలా ఇళ్లలో ఉన్నారు. వీణ నేర్చుకుంటున్న అమ్మాయిలు, వయొలిన్ సాధన చేస్తున్న అబ్బాయిలు, గిటార్ వాయించే కుర్రాళ్లూ ఉన్నారు. వాళ్ల సంగీతాన్ని ఇంట్లోనే దాచుకోవడానికి లక్షలు అక్కర్లేదు. ఏ పనికి ఏ మైకో తెలిస్తే చాలు.

రెండే రకాలు

ఇళ్లలో వాడుకునే మైకులు ప్రధానంగా రెండు రకాలు. మొదటిది డైనమిక్. పల్చటి పొరకి అంటుకున్న తీగచుట్ట అయస్కాంతం మధ్య కదులుతుంది. ఆ కదలిక నుంచే కరెంటు పుడుతుంది. కాబట్టి దీనికి విడిగా విద్యుత్తు అక్కర్లేదు. గట్టిది, కింద పడినా ఓ పట్టాన పాడవదు. పెళ్లిళ్లలో, గుళ్లలో, సభల్లో గాయకుల చేతిలో కనిపించేవి చాలావరకు ఇవే. షూర్ కంపెనీ 1966లో తెచ్చిన ఎస్‌ఎం58 ఈ కోవలోదే. ఇప్పటికీ అమ్ముడుపోతూనే ఉంది. మైఖేల్ జాక్సన్ 1982 నాటి ‘థ్రిల్లర్’ పాటల్ని పాడింది కూడా డైనమిక్ మైకులోనే. అది అదే కంపెనీ చేసిన ఎస్‌ఎం7.

రెండోది కండెన్సర్. ఇందులో పొర చాలా తేలిక. దాని వెనకే ఓ లోహపు పలక ఉంటుంది. రెండింటి మధ్య దూరం మారినప్పుడల్లా విద్యుత్ సంకేతం మారుతుంది. చిన్న చప్పుడునీ పట్టేస్తుంది. అయితే స్టూడియో తరహా కండెన్సర్లకు బయటినుంచి 48 వోల్టుల విద్యుత్తు అందాలి. దీన్నే ‘ఫాంటమ్ పవర్’ అంటారు. లాప్‌టాప్‌కి ఉండే చిన్న మైకు రంధ్రం నుంచి వచ్చేది కొద్ది వోల్టులే. ఇలాంటి మైకుని అందులో గుచ్చితే గొంతు సన్నగా, బుసే ఎక్కువగా వినపడటంలో ఆశ్చర్యమేముంది! మనవడి ‘వాన’ రహస్యం ఇదే.

ఈ రెంటికీ తేడా అంకెల్లో చూస్తే తేలిగ్గా తెలుస్తుంది. ఒకే చప్పుడుకి ఎస్‌ఎం58 సుమారు 1.85 మిల్లీవోల్టులు ఇస్తే, తక్కువ ధర కండెన్సర్లలో పేరున్న ఆడియో టెక్నికా ఏటీ2020 సుమారు 14 మిల్లీవోల్టులు ఇస్తుంది. అంటే ఏడు రెట్లకు పైనే. మొదటిది 15 వేల హెర్ట్జ్ దాకా వింటే, రెండోది 20 వేల దాకా వింటుంది.

అలాగైతే కండెన్సరే మేలు కదా? అక్కడే ఉంది తిరకాసు!

మైకు కంటే ముందు గది

సున్నితమైన చెవి గొంతునొక్కదాన్నే వినదు. ఫ్యాను, ఫ్రిజ్, పక్కింటి కుక్కరు కూత, వీధిలో కూరగాయల బండివాడి కేక... అన్నీ వింటుంది. గచ్చునేల, నున్నటి గోడలు, ఖాళీ హాలు ఉంటే పాట గోడలకి తగిలి తిరిగొచ్చి బావిలోంచి పాడినట్టు ఉంటుంది. అలాంటి ఇంట్లో ఖరీదైన కండెన్సర్ కన్నా నోటికి దగ్గరగా పెట్టిన మామూలు డైనమిక్ మైకే నయం.

రికార్డింగ్‌కి హాలు కన్నా పడగ్గది మంచిది. పరుపులు, దిండ్లు, బట్టలు నిండిన అల్మారా శబ్దాన్ని పీల్చుకుంటాయి. పాడేవారి వెనక తాడు కట్టి రెండు బొంతలు ఆరేస్తే ఇంకా మేలు. ఇంట్లో వాడే మైకుల్లో చాలావరకు ‘కార్డియాయిడ్’ రకం. అంటే ముందువైపు బాగా వింటాయి, వెనకవైపు చాలా తక్కువ వింటాయి. కిటికీ వైపు మైకు వీపు ఉండేలా చూసుకుంటే సగం గొడవ తగ్గుతుంది. తెల్లవారుజామున గుడి మైకు, సాయంత్రం టీవీ సీరియళ్లు. చాలా ఊళ్లలో మధ్యాహ్నం భోజనాలయ్యాక రెండింటికి దొరికే నిశ్శబ్దమే రికార్డింగ్‌కి మంచి ముహూర్తం!

ఏది ఎవరికి?

గొంతు ఒక్కటే రికార్డు చేయాలి, గది అంత ప్రశాంతంగా ఉండదు అనుకుంటే డైనమిక్ తీసుకోవాలి. ఎస్‌ఎం58 కొనలేకపోతే బెహ్రింగర్ ఎక్స్‌ఎం8500 లాంటివి అంతకంటే ఎంతో తక్కువ ధరకే వస్తాయి. కంప్యూటర్‌కి నేరుగా తగిలించాలంటే యూఎస్‌బీ మైకు కావాలి. శామ్‌సన్ క్యూ2యూ లాంటి వాటికి యూఎస్‌బీ, ఎక్స్‌ఎల్‌ఆర్ రెండు దారులూ ఉంటాయి. ఇవాళ లాప్‌టాప్‌కి పెట్టుకుని, రేపు మిక్సర్ కొన్నా అదే వాడుకోవచ్చు.

వీణ, వయొలిన్, గిటార్ లాంటివాటికి కండెన్సర్ బాగుంటుంది. వీణది మెత్తటి నాదం. డైనమిక్ మైకుతో దాన్ని పెంచబోతే నాదంతోపాటు బుసా పెరుగుతుంది. అయితే కండెన్సర్‌తోపాటు 48 వోల్టులు అందించే ‘ఆడియో ఇంటర్‌ఫేస్’ అనే చిన్న పెట్టె, ఎక్స్‌ఎల్‌ఆర్ కేబుల్, స్టాండు కూడా కొనాలి. చాలామంది డబ్బంతా మైకుకే పోసి ఇక్కడే చతికిలపడతారు. ఉన్న డబ్బులో సగమే మైకుకి, మిగతా సగం వీటికి అనుకుంటే చిక్కుండదు.

కొనేటప్పుడు ‘సెల్ఫ్ నాయిస్’ అనే అంకె చూడటం మరవద్దు. అది మైకు తనంతట తాను చేసే బుస. ఎంత తక్కువైతే అంత మంచిది. ఏటీ2020కి అది 20 డెసిబెల్స్. గొంతుకైతే ఇబ్బంది లేదు. మెల్లగా మీటే వీణకి ఇంతకన్నా తక్కువున్నది దొరికితే ఇంకా మంచిది. పేరున్న మైకులకు నకిలీలు ఎక్కువ. సగం ధరకి ఇస్తున్నారంటే అనుమానించాల్సిందే. బిల్లు, వారంటీ ఉన్నచోటే కొనాలి.

ఎక్కడ పెట్టాలి?

గాయకులకి జానెడు దూరం కొండగుర్తు. డైనమిక్ అయితే నాలుగైదు అంగుళాలకి తేవచ్చు. మరీ నోటికి ఆనిస్తే గొంతు బరువెక్కి ‘గుమ్‌గుమ్’ అంటుంది. ‘ప, బ, భ’ల దగ్గర గాలి మైకుని కొట్టకుండా కాస్త పక్కకి తిప్పి పెట్టాలి. ఎంబ్రాయిడరీ రింగుకి పల్చటి నైలాన్ గుడ్డ బిగించి అడ్డుపెడితే పాప్ ఫిల్టర్ ఇంట్లోనే తయారు.

వీణకి కుండ ముందు అడుగు, అడుగున్నర దూరంలో పెట్టాలి. మరీ దగ్గరైతే నాదం కన్నా గోటి మీటు, మెట్ల మీద వేళ్ల రాపిడే ఎక్కువ వినపడతాయి. వయొలిన్‌కి రెండు మూడడుగుల ఎత్తు నుంచి కిందికి చూస్తున్నట్టు ఉండాలి. వేణువుకి ఊదే రంధ్రం ఎదురుగా కాకుండా వేళ్లు ఆడేచోట, కొంచెం పైన పెడితే గాలి చప్పుడు పడదు. గిటార్‌కి పన్నెండో మెట్టు దగ్గర ఒక అడుగు దూరం. శ్రుతిపెట్టెని గదిలో మోగించకుండా ఇయర్‌ఫోన్‌లో వినిపిస్తే పాట శుభ్రంగా వస్తుంది. తర్వాత కావలసినంత శ్రుతి కలుపుకోవచ్చు.

శబ్దస్థాయి ఎర్రగీతని తాకకూడదు. గట్టిగా పాడినచోట కూడా మైనస్ 12 డెసిబెల్స్ దగ్గర ఆగేలా పెట్టుకుంటే పగలదు. ఆడాసిటీ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్ సరిపోతుంది. ఎంపీ3గా కాకుండా వేవ్ ఫైలుగా దాచాలి. ఒక్క మైకుతో 48 కిలోహెర్ట్జ్, 24 బిట్‌లో గంట పాటకి పట్టే చోటు సుమారు 520 ఎంబీ. రెండు వేర్వేరు చోట్ల కాపీలు ఉంచుకోవాలి. సముద్రతీర జిల్లాల్లో తేమ ఎక్కువ కాబట్టి కండెన్సర్ మైకుని వాడాక సిలికా జెల్ పొట్లం వేసిన డబ్బాలో పెట్టాలి.

ఆగకూడనిది ఒక్కటే

1902లో కలకత్తాలో గౌహర్ జాన్ పాట రికార్డు చేసినప్పుడు మైకే లేదు. పెద్ద గరాటులోకి గొంతెత్తి పాడాల్సి వచ్చింది. మూడు నిమిషాల్లో ముగించాల్సి వచ్చింది. కరకరలాడినా ఆ గొంతు ఈనాటికీ వినిపిస్తోంది. మంచి పరికరం వచ్చేదాకా ఆగుదాం అనుకుని ఉంటే అదీ మిగిలేది కాదు.

మనవడు చివరికి మామూలు డైనమిక్ యూఎస్‌బీ మైకు కొన్నాడు. దీపావళి మర్నాడు మధ్యాహ్నం పడగ్గదిలో ఫ్యాను ఆపి, బొంతలు కట్టి, అమ్మమ్మని మంచం మీద కూర్చోబెట్టాడు. పాటకీ పాటకీ మధ్య రికార్డింగ్ ఆపలేదు. ‘ఇది మా అత్తగారు నేర్పింది, దంపుళ్లప్పుడు పాడేవాళ్లం’ అని ఆవిడ చెప్పిన కబుర్లూ పడ్డాయి. పాట పేరు, తేదీ, ఎవరి దగ్గర నేర్చుకుందో ఫైలు పేరులోనే రాసుకున్నాడు. మొత్తం ముప్ఫై ఒక్క పాటలు.

విని అమ్మమ్మ అంది... ‘ఈసారి వాన లేదురా!’

అప్పగింతల పాటకి మాత్రం ఒక్క చరణమే ఉంది. ఉగాదినాడు బుసలోనైనా ఆ పాట పాడించి ఉంటే, చేతిలో ఉన్న సెల్‌ఫోన్‌లోనైనా ఎక్కించి ఉంటే, రెండోది కూడా ఉండేది. మైకు ఈ నెల కాకపోతే వచ్చే నెల కొనుక్కోవచ్చు. పాట పాడేవాళ్లు ఇంట్లో ఉంటే, ఫోను దగ్గర పెట్టి మొదటి రికార్డింగ్ ఈ ఆదివారమే చేసేయడం మంచిది.