పనికి ముసలి, పింఛనుకు పడుచు

‘పెద్దలమాట చద్దిమూట’ అన్నారు మన పూర్వులు. ఆ సామెతను సభలలో నేటికీ చెప్పుకొంటున్నాము. కాని ఆ పెద్దరికం వచ్చిన స్త్రీ పని కోరి గుమ్మం ముందు నిలిచినప్పుడు మన ధోరణి మారిపోతున్నది. పురుషుని తల నెరిస్తే అనుభవమంటాము. స్త్రీ తల నెరిస్తే ఓపిక ఉడిగినదంటాము.

రాయదుర్గం ఒకప్పుడు రాళ్ళగుట్టల నడుమ ఉన్న గ్రామం. 1998లో సమీపాన మాదాపూరులో సైబర్ టవర్స్ ప్రారంభమైన తరువాత ఈ ప్రాంతపు రూపురేఖలే మారినవి. 2019 నవంబరులో మెట్రోరైలు కూడ ఇక్కడికి వచ్చినది. ఇచటి అద్దాల మేడలలో కంప్యూటరు ముందు కూర్చునేవారితోపాటు నేల తుడిచే స్త్రీలు, పాత్రలు కడిగే స్త్రీలు కూడ ఉన్నారు. మా విద్యార్థిని తల్లి ఒకామె ఇట్టి మేడలోనే ఎనిమిదేళ్ళు పనిచేసినది. కాంట్రాక్టరు మారగానే కొత్తవాడు ఆధార్ కార్డు చూచి, నలభై ఆరేళ్ళున్నవని ఆమెను వద్దన్నాడట. “నా ఏండ్లు లెక్కబెట్టిండ్రు గని, నా పని చూడలే సార్” అన్నదామె.

ఈ మాటకు జవాబు ఏది? తెలంగాణ ప్రభుత్వం 2021లో తన ఉద్యోగుల పదవీ విరమణ వయసును 58 నుంచి 61కి పెంచినది. ఆ ఏడాదే వృద్ధాప్యపు పింఛను వయసును 65 నుంచి 57కు తగ్గించినది. రెండూ హర్షింపదగినవే. అయితే 61 ఏళ్ళ వరకు మనిషి కార్యాలయం నడపగలడని అంగీకరించిన సమాజం, 46 ఏళ్ళ స్త్రీ చీపురు పట్టలేదనడం ఏమి న్యాయం? పింఛనుకు ఆమె ఇంకా పదకొండేళ్ళు వేచియుండవలె. అంతవరకు ఆమె పొయ్యి వెలిగేదెట్లు? శ్రమకు బలం కావలెనన్న వాదం కాదనము. ఆ బలాన్ని పనిలో పరీక్షించవచ్చును. కార్డులోని పుట్టిన తేదీ దానిని చెప్పజాలదు.

ఈ అన్యాయం నిరుపేదలకే పరిమితం కాదు. ఒకప్పటి ఎయిర్ ఇండియా నిబంధనల ప్రకారం విమాన పరిచారికలు 35 ఏళ్ళకే విరమించవలె; అధికారి దయతలిస్తే 45 వరకు. విమానంలో సేవచేసే పురుషులకు మాత్రం 58. నర్గీస్ మీర్జా వ్యాజ్యంలో 1981లో సుప్రీంకోర్టు, పొడిగింపును అధికారి ఇష్టానికి వదలడం చెల్లదన్నది; తొలి గర్భంతోనే ఉద్యోగం పోవాలన్న నిబంధనను కొట్టివేసినది. కాని వయోభేదాన్ని పూర్తిగా తొలగించలేదు. మన రాజ్యాంగపు 15వ అధికరణం మతం, జాతి, కులం, లింగం, జన్మస్థలం కారణంగా వివక్ష కూడదన్నది. ఆ వరుసలో వయస్సు లేదు. నలభై దాటిన ఉద్యోగుల రక్షణకు అమెరికా 1967లోనే శాసనం చేసినది. అట్టి శాసనం మనకును కావలెను.

మక్కాలో వర్తకం సాగించిన హజ్రత్ ఖదీజా (ర.అ) గాథ మన విద్యార్థులెరిగినదే. ప్రవక్త (స)తో వివాహం నాటికి ఆమెకు నలభై ఏళ్ళని ప్రసిద్ధి. ఆమెను గౌరవించే మనము నలభై దాటిన స్త్రీని పనికిరానిదనడం తగునా?

విద్యార్థినీ విద్యార్థులారా! రేపు మీలో కొందరు ఆ మేడలలో ఉద్యోగులను ఎన్నుకొనే స్థానంలో కూర్చుంటారు. మీ ఎదుట ఒక తల్లి నిలిచిననాడు ముందుగా ఆమె పనిని అడగండి. మేము కోరేది అంతే.